కలకత్తా నుంచి వచ్చే కవరు

మా చిన్నతనంలో గుంటూరులో నాలుగు రూపాయలు వెనకేసుకున్న మనిషి ఆ డబ్బును ఏం చేస్తాడో అడగకుండానే చెప్పేయవచ్చు. పెళ్ళీడుకొచ్చిన పిల్ల ఉంటే బంగారం కొనేవాడు, కాస్త ధైర్యస్తుడైతే ఊరి చివర నాలుగు సెంట్ల స్థలం కొనేవాడు, భయస్తుడైతే పోస్టాఫీసులో వేసేవాడు, ఇవేవీ కాకపోతే తెలిసినవాళ్ళకు ప్రామిసరీ నోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడు. నెలకు నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అటువంటి ఊళ్ళో ఒక ఎయిడెడ్ హైస్కూలు లెక్కల మాష్టారు, ఏడాది మొత్తానికి నూటికి రెండు మూడు రూపాయలు చేతికొస్తే గొప్ప అనుకునే కంపెనీ షేర్లు కొంటున్నారంటే తోటి మాష్టార్లకు వింతగా ఉండేది, కొంచెం జాలిగా కూడా ఉండేది. ఆ లెక్కల మాష్టారు మా నాన్నగారు.

“లెక్కలు చెప్పేవారు, మీకు తెలియని లెక్కా మాష్టారూ ఇది?” అని స్టాఫ్ రూములో అడిగేవారట. నాన్నగారు వాదనకు దిగే మనిషి కాదు. ఇంటికొచ్చి అమ్మతో మాత్రం చెప్పేవారు: నోటు మీద వచ్చే రెండు రూపాయలు పదేళ్ళ తర్వాత కూడా రెండు రూపాయలే, ఆ పదేళ్ళలో బియ్యం ధర ఎక్కడికి పోతుందో నోటుకు తెలియదు, పైగా పుచ్చుకున్నవాడు ఐ.పి. పెడితే, అంటే దివాలా తీశానని కోర్టుకెక్కితే, అసలుకే దిక్కుండదు. మా వీధిలోనే ఒక పెద్దమనిషి ఐ.పి. పెట్టినప్పుడు ఆయనకు అప్పిచ్చిన సగం వీధి వాళ్ళ గుమ్మం ముందు నిలబడిన రోజు నాకు గుర్తుంది. ఆ రోజు నాన్నగారు ఆ మాష్టార్లలో ఇద్దరికి తోడుగా ప్లీడరు దగ్గరకు వెళ్ళి వచ్చారే గాని, నేను చెప్పలేదా అన్న మాట ఆయన నోట రాలేదు.

షేర్లంటే బొంబాయి వ్యవహారమని మనవాళ్ళు అనుకునే రోజుల్లో ఆయనకు ఈ ఆలోచన రావడానికి కారణం గుంటూరే. మా ఊరి గాలిలోనే పొగాకు ఉండేది. వర్జీనియా పొగాకు పండించే పల్లెల్లో ఆకును వేడిపెట్టి ఆరబెట్టే బ్యారన్‌లు, ఊళ్ళో గ్రేడింగు గోడౌన్లు, ఆకు ఏరడానికి పొద్దున్నే గుంపులుగా నడిచి వెళ్ళే ఆడవాళ్ళు, పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం, అన్నీ మా కళ్ళ ముందే. పెద్దవాళ్ళు “ఐ.ఎల్.టి.డి.” అని పిలిచే కంపెనీ 1912లోనే రైతులతో కలిసి ఆకు పండించడానికి గుంటూరులో మొదలైంది. చీరాలలోనూ అనపర్తిలోనూ దాని పేరు తెలియని ఇల్లు ఉండేది కాదు. దాని పైనున్న అసలు కంపెనీ కలకత్తాలో 1910లో ఇంపీరియల్ టొబాకో కంపెనీగా పుట్టి, 1970లో ఇండియా టొబాకో, 1974లో ఐ.టి.సి. అయింది. పొరుగూరి రైతు ఆకు ఏ ధరకు పోయిందో, కంపెనీ బయ్యరు ఏ గ్రేడు కోసం పట్టుపట్టాడో నాన్నగారికి విద్యార్థుల తండ్రుల ద్వారా తెలిసేది. సిగరెట్టు మీద బడ్జెట్టులో ఏటా పన్ను పెరగడం, అయినా బడ్డీకొట్టు దగ్గర గుంపు తగ్గకపోవడం ఆయన చూస్తూనే ఉండేవారు. ఇంత దగ్గరగా తెలిసిన వ్యాపారంలో మనకు కాస్త వాటా ఎందుకు ఉండకూడదు అన్నది ఆయన ప్రశ్న. 1981లో మొదటిసారి కొన్నారు.

అమ్మకు ఇది నచ్చలేదు. షేర్లు నచ్చకపోవడం వేరు, పొగాకు నచ్చకపోవడం వేరు. ఆవిడకు రెండోదే అభ్యంతరం. నాన్నగారు చుట్ట గాని సిగరెట్టు గాని ముట్టని మనిషి కావడం ఆవిడ దృష్టిలో సంగతిని మరింత విడ్డూరం చేసింది. “మీరు కాల్చరు, పది మంది కాల్చిన డబ్బు మాత్రం పుచ్చుకుంటారా?” అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. నాలుగేళ్ళ తర్వాత హైదరాబాదులో చార్మినార్ సిగరెట్లు చేసే వజీర్ సుల్తాన్ కంపెనీ షేర్లు కూడా కొందామనుకుని, అమ్మ ముఖం చూసి మానుకున్నారు. ఒకటి ఉంచుకుని రెండోది మానుకోవడంలో తర్కం ఏమిటని నేను పెద్దయ్యాక అడిగితే, సంసారంలో అన్నిటికీ తర్కం వెతకకూడదన్నారు. ఆ ప్రశ్న నాకూ వారసత్వంగానే వచ్చింది, దానికి నా దగ్గరా జవాబు లేదు. 

ఇప్పటి పిల్లలకు షేరు కొనడమంటే ఫోనులో బొటనవేలు ఆనించడం. అప్పట్లో అది ఒక పెళ్ళి సంబంధం కుదుర్చుకున్నంత తతంగం. అరండల్‌పేటలో ఒక సబ్ బ్రోకరు గారు ఉండేవారు. ఆయన గది నిండా పబ్లిక్ ఇష్యూల, అంటే కంపెనీలు జనానికి కొత్తగా అమ్మే షేర్ల, దరఖాస్తు ఫారాల కట్టలు, ఒక ట్రంకాల్ ఫోను, గోడకు వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. నాన్నగారు ముందు డబ్బు కట్టి వచ్చేవారు. ఆయన పై బ్రోకరుకు చెప్పేవారు, అక్కడ దొరికితే కొన్ని వారాలకు షేర్ సర్టిఫికెట్టూ, దానికి పిన్ను గుచ్చి అమ్మినవాడి సంతకంతో ట్రాన్స్‌ఫర్ ఫారమూ చేతికొచ్చేవి. దాని మీద షేర్ ట్రాన్స్‌ఫర్ స్టాంపులు అంటించి, మన సంతకం చేసి, రిజిస్టర్డ్ పోస్టులో కంపెనీకి పంపాలి. అమ్మినవాడి సంతకం కంపెనీ దగ్గరున్న నమూనాతో కలవకపోతే మొత్తం కట్ట వెనక్కి వచ్చేది. కలిస్తే, రెండు మూడు నెలలకు మన పేరెక్కిన సర్టిఫికెట్టు ఇల్లు చేరేది.

నాన్నగారు ఎక్కువగా ఆడ్ లాట్లు కొనేవారు. అంటే యాభైకో వందకో తక్కువగా, ఏడో పదమూడో మిగిలిపోయిన షేర్లన్నమాట. మార్కెట్ లాటు కాని వాటిని కొనేవాళ్ళు తక్కువ కాబట్టి అసలు ధర కంటే నాలుగు డబ్బులు తగ్గించి ఇచ్చేవారు. అమ్ముకోవడం కష్టమని అందరూ వద్దనుకునే ఆ చిల్లరను ఆయన ఏరి కొనేవారు. అమ్మే ఉద్దేశం లేనివాడికి అమ్మడం కష్టమైతే నష్టమేమిటి అనేది ఆయన లెక్క.

ఆ సర్టిఫికెట్ల వెనక వైపు ఒక పట్టిక ఉండేది. ఆ షేర్లు ఏ తేదీన ఎవరి పేరు నుంచి ఎవరి పేరుకు మారాయో వరసగా టైపు చేసి, ఒక్కో వరస చివర కంపెనీ అధికారి పొట్టి సంతకం పెట్టి ఉండేది. ఒక సర్టిఫికెట్టు మీద మొదట బొంబాయి పార్సీ పేరు, తర్వాత అదే ఇంటిపేరుతో ఇంకొకరు, ఆ తర్వాత కోయంబత్తూరు వైపు వారెవరో ఒకావిడ, చివరకు మా నాన్నగారు. సెలవు రోజుల్లో పెట్టె తెరిచినప్పుడు మాకు ఆ పేర్లు చదివి వినిపించేవారు. “ఈ వరసలో ఉన్నవాళ్ళంతా ఎవరమ్మా?” అని అడిగేవారు. ముందున్న యజమానులని నేను, చనిపోయినవాళ్ళని తమ్ముడు చెప్పేవాళ్ళం. “కాదు, అమ్ముకున్నవాళ్ళు,” అనేవారు. పార్సీ పెద్దాయన విషయంలో తమ్ముడిదే నిజమై ఉండవచ్చు గాని, నాన్నగారు మాత్రం ఆ పట్టికలో తన పేరు కింద ఇంకో వరస పడకూడదనే పట్టుదలతో ఉండేవారు.

ఇక డివిడెండు, అంటే కంపెనీ తన లాభంలోంచి షేర్లున్నవారికి పంచే డబ్బు. కంపెనీ సర్వసభ్య సమావేశం ముగిశాక, వానాకాలం మొదట్లో, కలకత్తా నుంచి పొడవాటి కవరు వచ్చేది. అంతకు ముందే బుక్ పోస్టులో వార్షిక నివేదిక వచ్చి ఉండేది. దాని నున్నటి కాగితం మా నోటుపుస్తకాల అట్టలకు పనికొస్తుందని మేము కాచుకుని కూర్చునేవాళ్ళం, ఆయన చదవడం పూర్తయ్యేదాకా ఇచ్చేవారు కాదు. కవరులో ఉండే డివిడెండు వారంటు రెండు భాగాలుగా ఉండేది. ఎడమ వైపు ముక్క ఆదాయపు పన్ను లెక్కకు మనం దాచుకోవాలి, కుడి వైపు ముక్క చెక్కులాగా బ్యాంకులో వెయ్యాలి. నాన్నగారు కత్తెరతో కాకుండా స్కేలు ఆనించి చుక్కల గీత వెంబడి చింపేవారు. తర్వాత పొడుగాటి లెక్కల పుస్తకంలో వారంటు నంబరు, షేర్లు ఎన్ని, షేరుకు ఎంత, మొత్తం ఎంత, బ్యాంకులో వేసిన తేదీ, జమ అయిన తేదీ అని గళ్ళు నింపేవారు. కొన్ని వారంట్లు ముప్పై ఏడు రూపాయల యాభై పైసలవంటివి. బ్యాంకుకు పోయి వచ్చే రిక్షా ఖర్చు లెక్కేస్తే మిగిలేది ఎంతని అమ్మ అడిగేది. ఆయన నడిచి వెళ్ళేవారు.

ఆ పుస్తకం చూసిన పక్కింటివారికి ఒకసారి కళ్ళు తిరిగాయి. “150 శాతం డివిడెండు” అని పేపర్లో వచ్చిందట, నూరు రూపాయలు పెడితే నూట యాభై వడ్డీ ఇస్తున్నారా అని పరుగెత్తుకొచ్చారు. ఈ భ్రమ ఇప్పటికీ చాలామందికి ఉంది కనుక చెబుతున్నాను. ఆ శాతం షేరు ముఖ విలువ మీద, అంటే సర్టిఫికెట్టు మీద అచ్చేసిన విలువ మీద లెక్కగట్టేది, మనం కొన్న ధర మీద కాదు. పది రూపాయల ముఖ విలువ గల షేరుకు 150 శాతమంటే పదిహేను రూపాయలు. ఆ షేరును బజారులో ఏడు వందలకు కొంటే చేతికొచ్చేది నూటికి రెండు రూపాయల పైచిలుకు మాత్రమే. పక్కింటివారు నిరాశపడి, ఇంత తక్కువకు ఎందుకండీ ఇంత శ్రమ అన్నారు. అప్పుడు నాన్నగారు పుస్తకంలో వెనక పేజీలు తిప్పి అయిదేళ్ళ కిందట అవే కాగితాలకు ఎంత వచ్చిందో, కంపెనీ ఉచితంగా ఇచ్చిన బోనసు షేర్లు కలిశాక ఇప్పుడెంత వచ్చిందో చూపించారు. ధర సంగతి అడిగితే, “పాడిగేదె ఉన్నవాడు రోజూ సంతకు పోయి దాని వెల కనుక్కుంటాడా?” అన్నారు.

నాన్నగారు ఉద్యోగంలో ఉన్నంత కాలం డివిడెండు డబ్బు ఇంటి ఖర్చులోకి రాలేదు. దానికి ప్రత్యేకంగా ఒక సేవింగ్స్ ఖాతా ఉండేది. అందులో కాస్త పోగయ్యాక మళ్ళీ ఒక ఆడ్ లాటు, లేదా ఏదైనా కంపెనీ తన పాత షేర్‌హోల్డర్లకే కొత్త షేర్లు అమ్మే రైట్స్ ఇష్యూ ఇస్తే దానికి కట్టడం. కోల్గేటు ఆ విధంగానే వచ్చి చేరింది. విదేశీ కంపెనీలు చాలా రంగాల్లో తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలని 1973 నాటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం పట్టుపట్టడంతో అలాంటి కంపెనీల షేర్లు మధ్యతరగతి వారికి అందుబాటు ధరలో దొరికిన కాలం అది. కోల్గేటు 1978లో ప్రజలకు షేర్లు ఇచ్చింది. నాన్నగారికి అప్పుడు తెలియలేదు, తర్వాత బజారులో ఎక్కువ పెట్టి కొన్నారు. మా ఇంట్లో మాత్రం కచికపొడి పోయి పేస్టు రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది.

1992 వసంతం నాటికి ఊరి మాట మారిపోయింది. ఏసీసీ సిమెంటు కంపెనీ షేరు పది వేలకు చేరువైందని బస్సులో పక్క సీటువాళ్ళు మాట్లాడుకునేవారు. జాలిపడ్డ మాష్టార్లే సలహా కోసం ఇంటికి వచ్చేవారు. ఏప్రిల్ 22న బొంబాయి మార్కెట్టు సూచీ సెన్సెక్స్ 4,467కు చేరింది. ఆ మర్నాడే బ్యాంకుల డబ్బును షేర్లలోకి మళ్ళించిన బ్యాంకు రసీదుల వ్యవహారం పత్రికకెక్కింది, ఆ పని చేసిన బ్రోకరు హర్షద్ మెహతా పేరు ఇంటింటికీ తెలిసింది, మార్కెట్టు కూలింది. ఆ పతనంలో నాన్నగారికి పోయిందేమీ లేదు, ఆయన కొనలేదు, అమ్మలేదు. ఆయనకు అసలు దెబ్బ తగిలింది ఆ తర్వాతి మూడేళ్ళలో. కొత్త షేర్ల ధరకు అనుమతి ఇచ్చే మూలధన ఇష్యూల కంట్రోలరు కార్యాలయాన్ని 1992లో ఎత్తివేశాక ధర ఎంత పెట్టాలన్నది కంపెనీల ఇష్టమైంది, ఇష్యూల వరద వచ్చింది. లీజింగ్ కంపెనీలు, టేకు తోటల కంపెనీలు, రొయ్యల చెరువుల కంపెనీలు, పూల ఎగుమతి కంపెనీలు. అరండల్‌పేట గదిలో ఫారాల కట్టలు కిటికీ దాకా పెరిగాయి. నాన్నగారు కూడా ఒక లీజింగ్ కంపెనీకీ, మన కోస్తాలోని ఒక రొయ్యల కంపెనీకీ దరఖాస్తు పెట్టారు, రెండింటిలోనూ అలాట్‌మెంటు వచ్చింది, అంటే షేర్లు దక్కాయి. రెండూ డివిడెండు మొహం చూపకుండానే కనుమరుగయ్యాయి. వాటి చిరునామాకు రాసిన ఉత్తరాలు తిరిగొచ్చాయి. అలా మాయమైన కంపెనీలు ఎన్ని ఉన్నాయంటే ప్రభుత్వమే వాటికి “వానిషింగ్ కంపెనీలు” అని పేరు పెట్టి జాబితా తయారుచేయవలసి వచ్చింది.

1993లో ఇన్ఫోసిస్ షేరు 95 రూపాయలకు ఇస్తే తీసుకున్నవాళ్ళు లేక ఇష్యూ పూర్తిగా నిండలేదని, అప్పుడు వంద షేర్లు కొని ఉంటే ఈరోజు ఇన్ని కోట్లని లెక్కలు చెప్పేవారు ఇప్పుడు చాలామంది కనిపిస్తారు. ఆ లెక్క తప్పు కాదు. కాని ఆ ఫారం కూడా అదే వరదలో, అదే గదిలో, రొయ్యల కంపెనీ ఫారం పక్కనే పడి ఉండేది. ఏది ఏదో తెలిసే దారి ఆనాడు ఒక లెక్కల మాష్టారికి లేదు. ఓపిక పడితే సంపద వస్తుందనే మాటలో సగం దాచేస్తారని నాకు అనిపించేది ఇందుకే. ఆ రొయ్యల కంపెనీ కాగితాన్ని కూడా నాన్నగారు అంతే ఓపికగా దాచారు. ఓపికకు ముందు పట్టి చూడవలసినది వేరే ఉంది. ఆ వ్యాపారం ఏటా నిజంగా డబ్బు మిగుల్చుతోందా అన్నది.

దానికి డివిడెండు ఒక పరీక్ష లాంటిదని నాన్నగారు నమ్మేవారు. లాభాన్ని కాగితం మీద ఎలాగైనా రాయవచ్చు, వారంటు మీద రాసిన డబ్బు మాత్రం బ్యాంకులో ఉండి తీరాలి గదా అనేవారు. మంచి మాటే, కాని పూర్తి మాట కాదు. జనం పొదుపును షేర్లు, బాండ్లలో పెట్టే యూనిట్ ట్రస్టువారి యు.ఎస్. 64 పథకం 1964 నుంచి తప్పకుండా ఏటా డివిడెండు పంచింది. ఉద్యోగస్తుల ఇళ్ళలో అది లేని ఇల్లు అరుదు. చివరి రోజుల్లో వచ్చిన ఆదాయానికీ పంచిన డివిడెండుకూ పొంతన లేకుండా పోయింది, 2001 జూలైలో యూనిట్ల కొనుగోళ్ళు, తిరిగి చెల్లింపులు ఆపేశారు. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ కూడా డివిడెండు ఇస్తూ వచ్చిన కంపెనీయే. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరంలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని బయటపడింది, ఆ ఒక్క రోజే షేరు నాలుగింట మూడు వంతులకు పైగా విలువ కోల్పోయింది. ఆ సాయంత్రం నాన్నగారు టీవీ ముందు చాలాసేపు కూర్చుని, “వారంటు పరీక్ష చాలదన్నమాట,” అన్నారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. ఆ తర్వాత వార్షిక నివేదికలో లాభనష్టాల పేజీతో ఆగకుండా, నగదు ప్రవాహం పట్టిక కూడా చూసి, వ్యాపారం నుంచి వచ్చిన నగదు పంచిన డివిడెండుకు సరిపోతోందా లేదా అని పెన్సిలుతో పక్కన రాయడం మొదలుపెట్టారు.

ఆయన ఓపికలో సగం ఆయన స్వభావమైతే మిగతా సగం తపాలా శాఖ చలవ అని నేను చాలా కాలంగా అనుకుంటున్నాను. ధర తెలియాలంటే మర్నాటి పేపరు రావాలి, అందులోనూ మన కంపెనీ వరస అచ్చయి ఉండాలి. అమ్మాలంటే సర్టిఫికెట్టు తీసుకుని బ్రోకరు దగ్గరకు పోవాలి, ఆడ్ లాటు అయితే ధర తగ్గించుకోవాలి, సంతకం కలవాలి, డబ్బుకు వారాల తరబడి ఎదురు చూడాలి. భయం పుట్టిన రోజుకూ అమ్మకం పూర్తయ్యే రోజుకూ మధ్య అంత దూరం ఉన్నప్పుడు ఆ భయం దారిలోనే చల్లారిపోయేది. 1996లో డిపాజిటరీల చట్టం వచ్చి, కాగితాల బదులు షేర్లను కంప్యూటరు ఖాతాలో ఉంచే డీమ్యాట్ పద్ధతి మొదలైనప్పుడు, దొంగ సర్టిఫికెట్ల బెడద, సంతకాల తిప్పలు తీరినందుకు అందరూ సంతోషించారు. నాన్నగారు మాత్రం సర్టిఫికెట్లను బ్యాంకులో అప్పగించే రోజున, వాటి వెనక పేర్ల పట్టికలను తన పుస్తకంలో ఎత్తి రాసుకున్నాకే ఇచ్చారు. హైదరాబాదు హిమాయత్‌నగర్‌లో ఒకప్పుడు కళకళలాడిన మన స్టాక్ ఎక్స్ఛేంజీ, 1943లో పుట్టినది, 2007లో గుర్తింపు కోల్పోయి మూతపడింది. అరండల్‌పేట గదిలో ఇప్పుడు మొబైల్ ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు.

ఇక అంకెలు. డీమ్యాట్ చేసే నాటికి ఐ.టి.సి. షేర్లు కొన్నవీ బోనసుగా వచ్చినవీ కలిపి సరిగ్గా వంద తేలాయి. 2003–04 సంవత్సరానికి కంపెనీ షేరుకు 20 రూపాయలు ఇచ్చింది, అంటే మాకు రెండు వేలు వచ్చాయి. ఆనాటి ధరకు ఆ వంద షేర్లూ లక్ష రూపాయల దరిదాపుల్లో ఉండేవి. అదే లక్ష బ్యాంకులో వేస్తే అయిదు వేల పైచిలుకు వచ్చేది. తమ్ముడు అప్పుడే ఉద్యోగంలో చేరి, ఇదేం పెట్టుబడి నాన్నగారూ అని అడగడం కూడా గుర్తుంది. 2005లో పది రూపాయల షేరును ఒక రూపాయి షేర్లుగా విభజించి, ఆపైన ప్రతి రెండుకూ ఒకటి బోనసు ఇవ్వడంతో వంద పదిహేను వందలయ్యాయి. 2010లో ఒకటికి ఒకటి ఇచ్చారు, మూడు వేలయ్యాయి. 2016లో మళ్ళీ రెండుకు ఒకటి, నాలుగు వేల అయిదు వందలు. 2022–23కు ప్రత్యేక డివిడెండుతో కలిపి షేరుకు 15 రూపాయల 50 పైసలు ఇచ్చారు. 4,500 షేర్లకు 69,750 రూపాయలు. కొత్తగా ఒక్క రూపాయి కూడా పెట్టలేదు.

ఈ అంకె చూసి ఎవరైనా మురిసిపోతే మధ్య కాలం కూడా చెప్పాలి. 2017 జూలైలో జీఎస్టీ కింద సిగరెట్ల మీద సెస్సు పెంచిన మర్నాడు ఈ షేరు ఒక్క రోజులో 12 శాతానికి పైగా పడింది. అక్కడి నుంచి దాదాపు అయిదేళ్ళు, మిగతా మార్కెట్టు ఎక్కడికో వెళ్ళిపోతుంటే ఇది నేల చూపులు చూస్తూనే ఉంది. 2020 మార్చిలో కరోనా భయానికి ఇంకా కుంగింది. ఇంటర్నెట్టులో కుర్రాళ్ళు దీని మీద వేసిన జోకులకు లెక్కే లేదు, తమ్ముడు వాటిలో మంచివి ఏరి నాకు పంపేవాడు. నాన్నగారు అప్పటికి లేరు. షేర్లు జాయింట్ హోల్డరుగా అమ్మ పేరు మీదకు వచ్చాయి. ఆ అయిదేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా ధర అడగలేదు. డివిడెండు జమ అయిందని బ్యాంకు మెసేజి వస్తే మాత్రం, దాన్ని నాకు చూపించి, పోయినేటి కంటే ఎక్కువా తక్కువా అని అడిగేది. “పొగ డబ్బు” అనే మాట ఆవిడ ఇంకా మానలేదు. ఆ డబ్బులోంచే ఏటా తన మందులకూ, పనమ్మాయి పిల్లల స్కూలు ఫీజుకూ ఇస్తుంది.

తమ్ముడి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. డివిడెండు ఊరికే వచ్చే సొమ్ము కాదని, ఎక్స్ డేటు నాడు, అంటే కొత్తగా కొన్నవాడికి ఆ డివిడెండు రాకుండాపోయే మొదటి రోజున, షేరు ధర ఆ మేరకు తగ్గుతుందని, కంపెనీకి పెరిగే అవకాశం ఉన్నప్పుడు లాభం పంచకుండా వ్యాపారంలోనే పెట్టుకోవడం మదుపరికి మేలని అంటాడు. పన్ను విషయంలోనూ వాడిదే పైచేయి. మా చిన్నతనంలో డివిడెండుకు ఆదాయపు పన్ను చట్టం 80ఎల్ సెక్షను కింద కొంత మినహాయింపు ఉండేది. 1997లో పంపిణీ పన్నును కంపెనీయే కట్టే పద్ధతి వచ్చాక, మధ్యలో ఒక్క ఏడాది తప్ప, మన చేతికి వచ్చినదానికి పన్ను లేదు. 2020 ఏప్రిల్ నుంచి అది మళ్ళీ మన ఆదాయంలో కలిసి, ఎవరి శ్లాబును బట్టి వారికి పన్ను పడుతోంది. ముప్పై శాతం శ్లాబులో ఉన్న వాడికి డివిడెండు అంత రుచించకపోవడంలో ఆశ్చర్యం లేదు. అమ్మకు మిగతా ఆదాయం తక్కువ కనుక, తనకు పన్ను పడదని ఏటా ఏప్రిల్‌లో ఒక ప్రకటన ఫారం పంపిస్తే డివిడెండులోంచి ముందే పన్ను కోత పడదు. లెక్కల్లో తమ్ముడు ఎప్పుడూ నెగ్గుతాడు. అయినా, ఏమీ పంచని కంపెనీ షేరును అయిదేళ్ళు నేల చూపులు చూస్తుంటే పట్టుకుని కూర్చోగలిగినవాళ్ళను నేను ఎక్కువ మందిని చూడలేదు. వాడు కూడా ఆ అయిదేళ్ళలో తనవి రెండు సార్లు అమ్మి మూడు సార్లు కొన్నాడు.

2025 జనవరిలో కంపెనీ తన హోటళ్ళ వ్యాపారాన్ని విడదీసి, పది షేర్లకు ఒక హోటల్స్ షేరు ఇచ్చింది. అమ్మ ఖాతాలో 450 పడ్డాయి. అమ్మేసి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామని తమ్ముడు, ఉంచుదామని నేను. హోటలువాళ్ళు డివిడెండు ఇచ్చేదాకా చూసి చెబుతానని అమ్మ. కనీసం ఇందులో పొగ లేదు కదా అని కూడా అన్నది.

నాన్నగారి పెట్టెలో డీమ్యాట్ కాకుండా మిగిలిపోయిన చిన్న కాగితాలు కొన్ని నిరుడు బయటపడ్డాయి. ఏడేళ్ళ పాటు వరసగా డివిడెండు తీసుకోకపోతే ఆ డబ్బే కాకుండా షేర్లు కూడా మదుపరుల విద్య, రక్షణ నిధికి బదిలీ అవుతాయి. ఐ.ఈ.పి.ఎఫ్. అంటారు దాన్ని. అవి పోయినట్టు కాదు, ఐ.ఈ.పి.ఎఫ్.-5 అనే ఫారం ఆన్‌లైన్‌లో నింపి, మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ పత్రాలు, పాన్, ఆధార్, ఇండెమ్నిటీ బాండు జతచేసి కంపెనీ నోడల్ అధికారికి పంపితే, వారు సరిచూసి పైకి సిఫారసు చేస్తారు. చాలా ఇళ్ళలో అటకల మీద ఇలాంటివి ఉంటాయి, కంపెనీ పేరు మారిపోయిందని పారేయవద్దు, పాత పేరుతో వెతికితే ఏ కంపెనీలో కలిసిందో తెలుస్తుంది. మావి మూడు ఫోలియోలు, అంటే కంపెనీ పుస్తకాల్లో షేర్ల ఖాతాలు, తేలాయి. ఒకదానిలో ఇంటిపేరు స్పెల్లింగు తేడా ఉండటం వల్ల అఫిడవిట్టు అడిగారు, ఇచ్చాను. రెండోది సరిచూడటంలో ఉంది. మూడోది రొయ్యల కంపెనీది. దాన్ని పారేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు.